నాలుగు వేల 'ఏం గాదు'లు

హన్మకొండ,
9-3-1986

ప్రియమైన కళావతికి,

నువ్వు పరకాల వెళ్లి ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు. పది రోజులని చెప్పి వెళ్లావు. అత్తమ్మ మోకాలి నొప్పి తగ్గకపోతే ఇంకా ఉండు, నేను కాదనను. కానీ ఒక కార్డు ముక్క రాయడానికి మోకాలితో పనిలేదు కదా. పెళ్లయి ఏడేళ్లయినా నేను నీకు రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే. రాయవలసినంత దూరం ఎప్పుడూ లేము మరి.

ఇంటి సంగతి రెండు మాటల్లో రాస్తాను. చారు చేయడం వచ్చింది, పప్పు రాలేదు. పాలు మాత్రం రోజూ పొంగుతున్నాయి, నేను పక్కనే నిలబడి చూస్తుండగానే.

ఆఫీసు సంగతి వరుసగా రాస్తాను. నీకు తెలిసినవి కూడా ఉంటాయి, విసుక్కోకు. లెక్కల మాస్టర్ని, దత్తాంశం ముందు రాయందే నాకు చేయి సాగదు. నువ్వు ఆరేళ్లు కూర్చున్న కార్డుల గదిలో ఇప్పుడు మెషీన్ ఉంది. హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చదివి వచ్చానని రక్తదాతల సంఘం నన్ను కాలేజీ నుంచి పిలిచి ఇన్‌చార్జిని చేసింది. కంపెనీ వాళ్లు చూడమని పెట్టి వెళ్లిన ఆ మెషీన్‌ను కొనే ముందు సెక్రటరీ రాజేశ్వర్ రావు గారు ఒక్కటే ప్రశ్న వేశారు. "పాండురంగం, మన దాతలు మూడు వేల మంది. గీ డబ్బల అందరు పడుతరా, పట్టరా? అది చెప్పు చాలు."

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబుగా ఏడు వాక్యాల చిన్న ప్రోగ్రాం రాశాను. నాలుగు వేల గళ్లు సిద్ధం చేయి, ఒక్కో గడిలో ఒక్కో మాట పెట్టు, ఎన్నో గడి అయిందో తెర మీద చూపించు, మెషీన్ జ్ఞాపకంలో చోటు నిండిపోతే ఆగు. అంతే. మెషీన్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చూడటానికి ఇంతకంటే సులువు పద్ధతి లేదు. కమిటీ వాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. ఏ మాట పెట్టాలా అని ఒక్క క్షణం ఆగి, 'ఏం గాదు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. మధ్యలో ఖాళీతో కలిపి ఎనిమిది అక్షరాలు.

తెర నిండా ఏం గాదు, ఏం గాదు అంటూ పాకిపోయింది. రాజేశ్వర్ రావు గారు ఇదేందని అడిగారు. "మా ఇంట్ల రోజు నడిచే ప్రోగ్రామే సార్. ఏం చెప్పినా మా ఆమె ఏం గాదు అంటది. ఎంత నింపినా నిండదు" అన్నాను. కమిటీ మొత్తం పగలబడి నవ్వింది. నువ్వూ బీరువా పక్కన నిలబడి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వావు. నాలుగు వేల గళ్లూ నిండాయి, మెషీన్ ఆగలేదు, చప్పట్లు కొట్టారు. 'నాలుగు వేల మంది దాతల వివరములు ఈ యంత్రమున ధారాళముగా పట్టును' అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

వారం తిరక్కుండా కార్డులన్నీ గోనెసంచుల్లో కట్టి మెట్ల కింద పెట్టించారు. కార్డుల గుమాస్తా కొలువు అవసరం లేదని తీర్మానించారు. నీకు ఎలా చెప్పాలా అని నేను దారంతా నసుగుతూ ఇంటికొస్తే, నువ్వే ముందు "తెలిసింది. ఏం గాదు" అన్నావు. నా నెత్తి మీది బరువు దిగిపోయింది. మర్నాడు అత్తమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందన్నావు. ఆ ఉత్తరం నేను చూడలేదు, అడగనూ లేదు.

ఇప్పుడు పేర్లు ఎక్కిస్తున్నాం. రోజుకు వంద దాకా అవుతున్నాయి. జవాబు రాయి.

నీ
పాండురంగం


హన్మకొండ,
20-3-1986

ప్రియమైన కళావతికి,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. అయినా రాస్తున్నాను. ఈసారి నీ జవాబు కోసం కాదు, ఇంకెవరికీ చెప్పలేని సంగతి ఉంది కనుక.

సోమవారం పొద్దున తొమ్మిది వందల ఎనభై ఎనిమిదో పేరు దగ్గర మెషీన్ ఆగిపోయింది. జ్ఞాపకం అయిపోయిందని తెర మీద ఒక్క ముక్క వేసి కూర్చుంది. మొదట తీగ ఊడిందేమో అనుకున్నాను. మళ్లీ మొదలు పెడితే మళ్లీ అక్కడే. ఆ పేరు ఒక యాకయ్యది. మన దగ్గర యాకయ్యలకు కొదవేముంది, ఆయన తప్పేమీ లేదు.

సరిగ్గా ఆ పూటే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. కాన్పు కేసు, బి నెగటివ్ కావాలి, తొందరగా. ఎక్కించిన తొమ్మిది వందల ఎనభై ఏడు పేర్లలో బి నెగటివ్ వాళ్లు ఆరుగురున్నారు. అందరూ దూరం ఊళ్ల వాళ్లే. నేను తెర ముందు కూర్చుని వెనక్కీ ముందుకీ నడిపిస్తున్నాను. ఊడుస్తున్న యాకమ్మ చీపురు పక్కన పెట్టి వచ్చింది.

"సారూ, గా డబ్బను అడుగుడెందుకు? మెట్ల కింద సంచులున్నయ్, ఇప్పుండ్రి. కళావతమ్మ ఉంటే ఈపాటికి మనిషి దవాఖానల ఉండేటోడు."

సంచులు విప్పి హాలులో పోశాం. నువ్వు పెట్టిన వరుస ఏమీ మిగల్లేదు, కట్టేటప్పుడే కలిపేశారు. నలుగురం నేల మీద కూర్చుని గంటన్నర వెతికాం. చివరికి ఎనుమాముల దగ్గర సైకిల్ షాపు మనిషి కార్డు దొరికింది. ఆయన షాపు మూసి అప్పటికప్పుడు వచ్చాడు. తల్లీ బిడ్డా క్షేమమేనట. ఆ గంటన్నర సేపు నాకు చాలా భయం వేసింది. భయం అని రాయడం నాకు అలవాటు లేదు, కానీ అది అదే.

ఇక నీకు మాత్రమే చెప్పే సంగతి. మర్నాడు నా ఏడు వాక్యాల ప్రోగ్రాం మళ్లీ నడిపాను. నాలుగు వేల ఏం గాదులూ నిక్షేపంగా పట్టాయి. అప్పుడు ఒక చిన్న మార్పు చేశాను. ఆ మాటకు చివర ఏమీ లేని ఖాళీ మాటను తగిలించి పెట్టమన్నాను. చూడటానికి తేడా లేదు, అవే ఎనిమిది అక్షరాలు. కానీ ఈసారి మూడు వేల మూడు వందలు దాటగానే ఆగిపోయింది.

కారణం ఇది. నేను ప్రోగ్రాంలోనే ఆ మాట రాసి ఇచ్చాను. అలా ఇస్తే మెషీన్ దాన్ని ప్రతి గడిలోనూ మళ్లీ రాసుకోదు. 'ఆ మాట ఫలానా చోట రాసి ఉంది' అని గుర్తు మాత్రం పెట్టుకుంటుంది. ఇంట్లో గోడకు ఒక్క కాలెండర్ ఉంటే, ఎవరు తారీఖు అడిగినా గోడ వైపు చూపిస్తాం కదా, అలాగ. మాటకు ఏదైనా తగిలిస్తే తప్పదు, కొత్తగా రాసుకోవాలి. బయటి నుంచి టైపు చేసిన పేర్లయినా అంతే, ప్రతి ఒక్కటీ రాసుకోవాలి, ప్రతి ఒక్కటీ చోటు తింటుంది. అంటే కమిటీ ముందు నేను నాలుగు వేల మాటలు నింపలేదు. ఒక్కటే మాట పెట్టి, నాలుగు వేల సార్లు దాని వైపు వేలు చూపించాను.

ఇది తెలియక చేసిన తప్పయితే నీకు ఇంత చెప్పను. ఆ రోజు నింపే ముందూ, నింపిన తర్వాతా ఎంత చోటు మిగిలిందో తెర మీద ఒక మూలన వేయించాను. ముందు ఇరవై ఆరు వేల చిల్లర. తర్వాత కూడా ఇరవై ఆరు వేల చిల్లర. అంకె కదలలేదు. నాలుగు వేల మాటలు లోపలికి పోయాక కూడా ఖాళీ తగ్గలేదంటే ఏదో తేడా ఉందని పదో తరగతి పిల్లవాడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. చప్పట్లు మొదలయ్యాయి. నేను ఆ మూల వైపు చూడటం మానేశాను.

నీ కొలువు పోయింది ఆ రిపోర్టు వల్లే. రాజేశ్వర్ రావు గారు ఇది కంపెనీ వాళ్ల మోసమని అనుకుంటున్నారు, వాళ్లకు గట్టిగా ఉత్తరం రాయమని నాకే చెప్పారు. నేను ఊరుకుంటే నేరం వాళ్ల మీదికి పోతుంది, నా పేరు నిలుస్తుంది. చెబితే ఇన్‌చార్జి పని పోతుంది. ఏం చేయమంటావు? ఇరవై ఆరు వేల చిల్లర అన్న ఆ అంకె పాలు పొంగుతున్నప్పుడు కూడా గుర్తుకొస్తోంది.

నీ
పాండురంగం


హన్మకొండ,
29-3-1986

ప్రియమైన కళావతికి,

నువ్వు జవాబు ఇవ్వలేదు కనుక నేనే తేల్చుకున్నాను. మొన్న సెక్రటరీ గారి బట్టల దుకాణానికి వెళ్లి, బేరాలు కాస్త సద్దుమణిగాక, అంతా చెప్పాను. ఆయన చీర మడత పెడుతూ విన్నారు.

"అంటే తప్పు మిషన్ది కాదా?"

"కాదు సార్. నాది."

"మరి అంకె కదుల్తలేదని తెలిసినంక అప్పుడే ఎందుకు చెప్పలే?"

"అందరు చప్పట్లు కొడుతాండ్రు సార్."

ఆయనకు కోపం రావాలి. కానీ నా మొహం చూసి నవ్వారు. నాకు కోపమే నయమనిపించింది. "ఏప్రిల్ పదో తారీఖు దాంక చూస్త. ఏదన్న తొవ్వ చెప్పు. లేకుంటే మిషన్ వాపస్ పోతది, దానెంబడి నువ్వు గూడ కాలేజీకి వాపస్ పోతవ్" అన్నారు. తొవ్వ ఏదీ తోచడం లేదు. పేర్లను కుదించి చూశాను, ఇంటిపేర్లు తీసేసి చూశాను. ఇంటిపేరు తీసేస్తే యాకయ్యలంతా ఒక్కరైపోతున్నారు. ఊరి పేరు తీసేస్తే మనిషిని ఎక్కడని వెతకాలి? అక్షరం అక్షరం గీకినా పదిహేను వందల మందికి మించి పట్టడం లేదు.

ఈ పది రోజులూ ఒంటరిగా కూర్చుని నీ గురించి కూడా ఆలోచించాను. నాకు ఒక సంగతి అర్థమైందనుకుంటున్నాను. ఏడేళ్లుగా నేను ఏది చెప్పినా నువ్వు ఏం గాదు అన్నావు. అన్నప్పుడల్లా నేను దాన్ని ఒక కొత్త ఒప్పుదలగా జమకట్టుకున్నాను. ఇన్నిసార్లు అన్నది కదా, ఈమె ఎంతైనా ఓర్చుకుంటుంది అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అవన్నీ వేర్వేరు మాటలు కావు. ఎప్పుడో కొత్తలో ఒక్కసారి మనసారా అన్నావు. ఆ తర్వాతవన్నీ అలవాటుగా దాని వైపు వేలు చూపించడమే. వాటిలో నువ్వు లేవు, నేను చూసుకోలేదు. నీలో ఎంత చోటు మిగిలిందో నేను ఏనాడూ సరిగా పరీక్షించలేదు. నన్ను క్షమించు.

మెషీన్ వెనక్కి పోతే కార్డుల గది మళ్లీ తెరుస్తారు. నీ కొలువు నీకు ఇప్పించమని నేను కమిటీ కాళ్లు పట్టుకుంటాను. నువ్వు ఇంటికి రా. ఇల్లు బాగాలేదు. నేను బాగాలేను.

నీ
పాండురంగం


పరకాల,
3-4-1986

శ్రీవారికి కళావతి నమస్కారాలు.

మీ మూడు ఉత్తరాలూ అందాయి. మూడింటినీ మా అమ్మకు చదివి వినిపించలేదు, ఆమె అడిగినా. అమ్మ మోకాలు బాగానే ఉంది. ఎప్పుడూ బాగానే ఉంది. ఉత్తరం ఏదీ రాలేదు, నేను చెప్పింది అబద్ధం. మీరు చూపించమంటే చూపించలేక అప్పుడే అసలు సంగతి చెప్పేదాన్ని. మీరు అడగలేదు.

కొలువు పోయినందుకు నేను వచ్చేశానని మీరు అనుకుంటున్నారు. బాధ లేదని అనను, ఆరేళ్లు చేశాను. కానీ కొలువు పోయినందుకు ఎవరూ ఇల్లు విడిచి రారు. నేను వచ్చింది అంతకు వారం ముందు జరిగిన దానికి. నేను రోజూ పనిచేసే గదిలో, నాకు పని చెప్పే మనుషుల ముందు, నా నోటి మాటను తెర మీద పరిచి నవ్వించారు. 'ఎంత నింపినా నిండదు' అన్నారు. నేను నవ్వలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నది నవ్వు దాచుకోవడానికి కాదు. ఆ మర్నాటి నుంచి కమిటీలో ఒకాయన నేను ఎదురుపడినప్పుడల్లా "ఏం గాదమ్మా" అని పలకరించడం మొదలు పెట్టాడు. మీ మొదటి ఉత్తరంలో అదంతా ఒక పండగలాగా రాశారు. అది చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

మీ మూడో ఉత్తరం చదివి మాత్రం కోపం వచ్చింది. మంచి మనసుతోనే రాశారు, కాదనను. కానీ మీరు మళ్లీ లెక్క తప్పారు. నేనేమీ మీ మెషీన్ని కాను. ఒక్క మాట దాచుకుని దాని వైపు వేలు చూపిస్తూ బతకలేదు. అన్న ప్రతిసారీ కొత్తగా అన్నాను, ప్రతిదీ నాకు చోటు తిన్నది. మూడేళ్ల కింద దవాఖానలో, కడుపు పోయిన రోజు, మీరు పొద్దు గూకేముందు వచ్చి "క్లాసు ఇడిసిపెట్టి రాలేకపోయిన" అన్నారు. నేను ఏం గాదు అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఎంత పట్టిందో మీకు తెలుసా? నా బీఏ పరీక్ష నాడు మీ మేనత్త వాళ్లు దిగారు, వాళ్లకు వండిపెడుతూ నేను పరీక్షకు పోలేదు, ఆ రోజు అన్నది వేరు. అందులో ఏడుపు లేదు, పంతం ఉంది. పోయిన దసరాకు మీరు చీర రంగు మరిచిపోయి తెస్తే అన్నది ఇంకో రకం, అప్పుడు నాకు నిజంగానే ఏమీ కాలేదు. మూడూ మీకు ఒకేలా వినిపించాయి. మన దగ్గర ఎవరైనా ఏం గాదు అంటే "గట్లెందుకంటానవ్, ఏమైంది?" అని రెండోసారి అడుగుతారు. మా అమ్మ అడుగుతుంది, యాకమ్మ అడుగుతుంది. మీరు మొదటి మాట వినగానే బరువు దిగిందని భోజనానికి కూర్చునేవారు.

నాకు ఏమైందని మీరు ఇన్నాళ్లకు అడిగారనే అనుకుంటాను. అయింది. చాలా అయింది.

ఇక మెషీన్ సంగతి. పేర్లు కుదించకండి, మనుషులు తప్పిపోతారు. కార్డులు మూడు వేలున్నా నేను ఏ రోజూ మూడు వేలు ముందేసుకుని కూర్చోలేదు. నా దగ్గర పది డ్రాయర్లుండేవి. రక్తం గ్రూపులు ఎనిమిది. ఓ పాజిటివ్, బి పాజిటివ్ వాళ్లు ఎక్కువ కనుక ఆ రెండింటికి టౌను ఒకటి, ఊళ్లు ఒకటి. దవాఖాన వాళ్లు ఫోన్ చేస్తే ఏ డ్రాయర్ కావాలో అది ఒక్కటే గుంజేదాన్ని, మిగతా తొమ్మిదీ మూసే ఉండేవి. మీరు పాటల టేపుల్లాంటి వాటిలో పేర్లు దాస్తారు కదా. పది టేపులు పెట్టుకోండి, ఒక్కోదాని మీద గ్రూపు పేరు రాయండి. బి నెగటివ్ అడిగితే ఆ టేపు ఒక్కటే మెషీన్‌కు ఎక్కించండి. ఏ డ్రాయర్‌లోనూ ఏడు వందలకు మించి కార్డులు ఎప్పుడూ లేవు. మీరు ఆరేళ్లు కాలేజీకి వస్తూ పోతూ ఆ గది ముందు నుంచి నడిచారు, నన్ను భోజనానికి పిలవడానికి రోజూ లోపలికి వచ్చారు. డ్రాయర్లు ఎందుకు పది ఉన్నాయో ఒక్కసారి అడిగి ఉంటే మీకు ఈ తిప్పలుండేవి కావు.

ఈ ఉపాయం మీకు చెప్పి, మీ నోటితో కమిటీకి చెప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకని పోయిన సోమవారమే రాజేశ్వర్ రావు గారికి నేరుగా ఉత్తరం రాశాను. నా పేరు మీద, నా సంతకంతో. తప్పు ఒప్పుకుని దుకాణానికి వెళ్లారని మీరు రాశారు కదా, అది చదివాకే రాశాను. అంతకు ముందు రాసి ఉంటే మిమ్మల్ని పట్టిచ్చినట్టుండేది. మీరు వెళ్లి చెప్పినందుకు నాకు సంతోషంగా ఉంది. ఆ మాట రాయకుండా ఉండలేను.

నిన్న ఆయన జవాబు వచ్చింది. ఏడో తారీఖు నుంచి పనిలోకి రమ్మన్నారు. పేర్లు ఎక్కించే పని, టేపుల పని నాది. ప్రోగ్రాం పని మీది. గది తాళంచెవి నా దగ్గర ఉండాలని అడిగాను, సరేనన్నారు.

సోమవారం పొద్దటి బస్సుకు వస్తున్నాను. బస్టాండుకు రావద్దు. కాశిబుగ్గలో మా పిన్ని నిర్మల ఇంట్లో దిగుతాను, కొన్నాళ్లు అక్కడి నుంచే ఆఫీసుకు వస్తాను. ఇంటికి ఎప్పుడు వస్తానో నాకే తెలియదు. నేను వచ్చాక ఆ వారం చివర ఆదివారం పొద్దున మీరు పిన్ని ఇంటికి రండి, వేరే ఏ పనీ పెట్టుకోకుండా రండి. దవాఖాన నాటి సంగతి మొదట చెబుతాను, ఆ తర్వాత మిగతావి. మధ్యలో క్షమించమని అడగవద్దు, కారణాలు చెప్పవద్దు, ఊరికే వినండి. ఏడేళ్లవి ఉన్నాయి, ఒక్క ఆదివారంతో అయిపోవు.

కళావతి